అద్దం మీది బొట్టుబిళ్ల

నిన్న ఫోన్‌లో ఒక వీడియో చూశాను. మత్తులో ఉన్న చింపాంజీ నుదుటి మీద ఎవరో ఎర్రరంగు చుక్క పెట్టారు. అది లేచాక ఎదురుగా అద్దం ఉంచారు. అది అద్దాన్ని ముట్టుకోలేదు. తన నుదుటినే తడుముకుని, వేలికి అంటిన రంగు చూసుకుంది. అద్దంలో ఉన్నది తానేనని దానికి తెలుసట. కింద అందరూ ఎంత తెలివో అని రాశారు.

గోదావరిఖని బొగ్గుగని క్వార్టర్లలో పెరిగిన వాళ్లకు గుర్తుండే ఉంటుంది. గోడకు మేకుతో వేలాడే చిన్న అద్దం, దాని మీద అమ్మలు స్నానానికి ముందు తీసి అంటించిన బొట్టుబిళ్లలు. డ్యూటీ నుంచి వచ్చిన బాపు కనురెప్పల మీది బొగ్గును అందులో చూసుకునే తుడుచుకునేవాడు.

నా ఐదో తరగతిలో బాపు జబ్బుచేసి పోయాడు. పదకొండో రోజున చుట్టాల్లోని ఆడవాళ్లు అమ్మ బొట్టు తీసేసి, అద్దం మీది బిళ్లలన్నీ గీకేశారు. కింది మూలన ఒక్కటి మాత్రం ఎవరి కంటా పడలేదు.

కొన్నాళ్లకు బడి నుంచి వచ్చేసరికి అమ్మ అద్దం ముందు కాస్త వంగి, ముఖం అటూ ఇటూ జరుపుతోంది.

"ఏం జేస్తున్నవ్ అమ్మా?"

"ఏం లేదు బిడ్డా, అద్దం తుడుస్తున్న. నువ్వు పోయి కాళ్లు కడుక్కో."

చేతిలో గుడ్డ లేదు.

ఆమె బయటికి వెళ్లాక పీట వేసుకుని నేనూ అద్దం ముందు నిలబడ్డాను. ముఖం కొంచెం జరిపితే, ఆ బిళ్ల సరిగ్గా నా నుదుటి మీదికి వచ్చింది. నాకు ఏమీ అనిపించలేదు. దిగి, కాళ్లు కడుక్కున్నాను.

ఆ తర్వాత చాలాసార్లు ఆమెను అక్కడ చూశాను. అమ్మ ఒక్కసారి కూడా తన నుదురు తడుముకోలేదు.