కుడివైపు నుంచి టమోటా

మొన్న శుక్రవారం కుప్పంలో మా చిన్నమ్మాయి ఇంట్లో, ఇంజనీరింగ్ చదివే మనవరాలు తెర మీద ఇద్దరు యోధులు కొట్టుకునే ఆట పెట్టి, వాచిన నా వేళ్ల కణుపులు చూసి, ఒక్క బటన్ నొక్కితే పెద్ద దెబ్బలన్నీ వాటంతటవే పడేలా నా వైపు మార్చి ఇచ్చింది. నొప్పులున్నవాళ్లకు ఆ సదుపాయం ఉండవలసిందే, దానికి నేను అడ్డం చెప్పను. కానీ అంతటితో ఊరుకోక, చేతి పనితనం ఆటకు అడ్డంగా కట్టిన వట్టి గోడ అనీ, అసలు లోతంతా ఎదుటివాడి ఆలోచన పట్టడంలోనే ఉందనీ అన్నది. అది మాత్రం నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను.

ఇళ్లలోకి కేబుల్ టీవీ అప్పుడప్పుడే వస్తున్న రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. మా మరిది మదనపల్లె బస్టాండు దగ్గర వీడియో గేమ్స్ షాపు పెట్టాడు. నాకప్పుడు ముప్పై ఎనిమిదేళ్లు. మధ్యాహ్నం అతను భోజనానికి వెళ్తే షాపులో నేను కూర్చునేదాన్ని, ఖాళీ యంత్రం ముందు ఎంతసేపని ఊరికే కూర్చుంటాం? యోధుడు చేతుల్లోంచి నిప్పుముద్ద విసిరే దెబ్బ ఒకటుండేది. దాన్ని మా ఊళ్లో టమోటా అనేవాళ్లు, టమోటాల మార్కెట్ యార్డు ఉన్న ఊరు కదా, ఎర్రగా గుండ్రంగా ఏది కనబడినా అదే పేరు. స్టిక్కును కిందికి దించి, మూలగా తిప్పి, ముందుకు తెచ్చి, సరిగ్గా ఆ క్షణాన బటన్ నొక్కితేనే టమోటా పడేది. క్యాలెండర్ కాగితాల వెనక నేను లెక్క రాసుకున్నాను: తెర మీద నా యోధుడు ఎడమవైపు ఉంటే నూటికి తొంభై నాలుగు పడేవి, కుడివైపు ఉంటే చెయ్యి తిరగేసి తిప్పాలి కాబట్టి అరవై ఎనిమిదే.

ఇంతలో మరిది బెంగుళూరు వెళ్లి, ఒకే బటన్‌తో టమోటాలు కురిసే కొత్త బోర్డు, అంటే యంత్రం లోపల ఆటను నడిపే పలక, చూసి వచ్చి, పాతది తీసేస్తానన్నాడు. నేను వద్దని పట్టుబట్టాను. పుంగనూరులో ఇలాంటి షాపే నడిపే మా తోడికోడలి తమ్ముడు ఆ వారం మా ఇంటికి వచ్చి ఉన్నాడు. నేను అతన్ని ఓడిస్తే పాత బోర్డు ఉంచుతానని మరిది పందెం కట్టి, "సూస్తాం వదినా, నీ తిప్పుడు ఏపాటిదో" అన్నాడు.

చెరొక ఆట గెలిచాం. మూడో ఆట చివర ఇద్దరికీ ఒక్క దెబ్బకు సరిపడే ప్రాణమే మిగిలింది. అప్పుడతను కొట్టే అవకాశం ఉండి కూడా కొట్టకుండా, ఊరికే నా తల మీదుగా దూకి అవతల పడ్డాడు. నేను కుడివైపుకు వచ్చాను. కాచుకొని ఉండాలా, వేయాలా? నా అరవై ఎనిమిదిని నమ్మి చెయ్యి తిప్పాను. టమోటా పడలేదు. నా యోధుడు గాలిలో ఒక గుద్దు గుద్దాడు, అతను నింపాదిగా వచ్చి ఒక్క తన్ను తన్నాడు.

మరిది నవ్వి, ఇంత కష్టపడీ చెయ్యి పలకకపోతే అదేం ఆట అన్నాడు. పుంగనూరు అతను మాత్రం నవ్వలేదు.

"లేదు బావా. ఆ పక్కనుంచి అక్క చెయ్యి మూడుసార్లకొకసారి తప్పుతాది. మద్దేనం నుంచి సూస్తానే ఉండాను. అందుకే కొట్టకుండా దూకినా."

నేను ఓడాను, నా వాదన ఓడలేదు. అతను చదివింది నా ఆలోచనను మాత్రమే కాదు, నా చేతిని కూడా. ఒక్క బటన్‌తో పడే దెబ్బే అయితే అతను దూకవలసిన పని ఏముంది, వేయాలా వద్దా అని నా గుండె కొట్టుకోవలసిన పని ఏముంది? ఈ మాటే మనవరాలికి చెప్పాను. ఆలోచించి, అయినా నువ్వు ఓడిపోయావు కదా అవ్వా అన్నది.

ఓడిపోయాను. పందెం తర్వాతి సోమవారమే మదనపల్లె షాపుకు కొత్త బోర్డు వచ్చింది, షాపు నిండింది, అందరి టమోటాలూ ఒక్కలాగే పడ్డాయి. ఈనాటి పిల్లలు ఇంట్లో కూర్చొని, ముఖం తెలియని వేలమందితో ఆడుతున్నారు, మంచిదే. కానీ ఆ పుంగనూరు మనిషికి తెలిసినంతగా నా కుడివైపు ఆ తర్వాత ఎవరికీ తెలియలేదు.