సంఘం అండా

మా పొదుపు సంఘానికి ఒక అండా ఉండేది. సత్తుది. పెళ్ళికి వచ్చినవాళ్ళందరికీ ఒకే వాయిలో అన్నం ఉడికేంత పెద్దది. ఆడవాళ్ళమంతా కలిసి తిరుపతికి పోయి కొన్నాం. అంగడతను దాని అంచు మీద ఉలితో చుక్కలు చుక్కలుగా సంఘం పేరు కొట్టి ఇచ్చాడు. పిల్లల పెళ్ళిళ్ళు అయ్యాక పలక పట్టిన మనిషిని నేను. అప్పటికి సాయంత్రం బడిలో ఒత్తులు దిద్దుతున్నాను. బస్సులో ఆ అండాను కాళ్ళ మధ్య పెట్టుకుని, ఏర్పేడు వచ్చేదాకా ఆ చుక్కల మీద వేలు జరుపుతూ కూడబలుక్కున్నాను. బడి బయట నేను చదివిన మొదటి మాట అదే.

ఎవరింట శుభకార్యమైనా దాన్ని తీసుకెళ్ళేవాళ్ళు. తిరిగి ఇచ్చేటప్పుడు ఖాళీగా ఇవ్వకూడదు. పిడికెడు బియ్యమో, బెల్లం ముక్కో, ఏమీ లేకపోతే పసుపు కొమ్మో వేసి ఇవ్వాలి. అండా పెట్టే గది తాళం చెవి వారానికొక ఇంట్లో ఉండేది. ఆ వారం ఆ ఇల్లాలిదే బాధ్యత.

మా ఊరు కొండ కింద. కొండ మీద ఎర్రచందనం. దాన్ని కొట్టుకుపోకుండా కాపాడాలని ఆ రోజుల్లోనే ఊళ్ళో అడవి కమిటీ పెట్టించారు. అందులో సగం మంది ఆడవాళ్ళు ఉండాలన్నారు. నాకు సంతకం వచ్చు కాబట్టి నన్ను ఉపాధ్యక్షురాలిని చేశారు. మీటింగు సరిగ్గా మేము పొయ్యి ముట్టించే వేళకే పెట్టేవాళ్ళు. మాటలన్నీ అయిపోయాక నాకు కబురు వచ్చేది. అధ్యక్షుడు నాకు వరసకు మామ.

"ఏం మాట్లాడినారు మామా?" అని అడిగితే, "అడివి గురించేలే మ్మే. సంతకం పెట్టేసి పో, నీ కూర మాడిపోతాది" అనేవాడు.

మేము ఎండుపుల్లలకు పోతే అడవి సిబ్బంది కొడవళ్ళు లాక్కునేవాళ్ళు. దుంగలు మాత్రం దిగుతూనే ఉండేవి. వాటిని దింపించే మనిషి జీపు పట్టపగలు టీ అంగడి ముందు ఆగి ఉండేది. అతను దిగితే మా మగవాళ్ళు బెంచీ మీద జరిగి చోటిచ్చేవాళ్ళు. అతని గురించి మా కమిటీలో ఎన్నడూ ఎవరూ నోరెత్తలేదు.

మా పక్కింటామె వయసులో నాకు కూతురు లాంటిది, కానీ అక్కా అని పిలిచేది. మొగుడు పనికని బెంగుళూరు పోయి అక్కడే ఉండిపోయాడు. ఇద్దరు ఆడపిల్లలు ఆమెకు. ఒకరోజు పొద్దున్నే వచ్చి, పుట్టింట్లో మొక్కుబడి ఉంది, అన్నదానం చేయాలి అని అండా అడిగింది. చెవి ఆ వారం నా దగ్గరే ఉంది. ఇచ్చాను. పొద్దుగూకేలోపల కడిగి తెచ్చి ఇచ్చింది. లోపల పిడికెడు బియ్యం కూడా వేసింది. ఆమె పుట్టిల్లు గూడూరు అవతల. పోయి, వండి, పెట్టి, తోమి, అదే రోజు తిరిగి వచ్చే పని కాదది.

"మొక్కు ఏ దేవుడికి మే?" అని అడిగాను.

ఆమె తల వంచుకుంది. "కొండ మీద సెట్లు కొట్టేవాళ్ళకు అక్కా. యాడనుంచో వచ్చినోళ్ళు, ఆకలితో ఉండారు. జీపాయన బియ్యం దించి వండమన్నాడు."

"తెలిసే వండినావా?"

"నేను సెట్టు కొట్టినానా? అన్నం వండినాను. అన్నం వండేది తప్పా అక్కా?"

ఊళ్ళో అందరూ ఏదో ఒకటి వండుతూనే ఉన్నారు ఆ జీపు కోసం. కొందరు దారి చూపారు, కొందరు కళ్ళు మూసుకున్నారు. ఆమె చేసింది మాత్రం పొగ వచ్చే పని, అందరికీ కనబడేది. "పట్టుకుంటే నిన్నే పట్టుకుంటారు. ఇంక పోవద్దు" అన్నాను. "వద్దంటే ఊరుకుంటాడా ఆయన? ఇద్దరు ఆడపిల్లల్ని పెట్టుకోని ఒంటరిగా ఉండాను" అంది.

తర్వాతి వారం చెవి వేరే ఇంటికి పోయింది. మళ్ళీ అదే మొక్కు చెప్పి అండా తీసుకుంది.

మర్నాడు పొద్దున అడవి సిబ్బంది బండి ఊళ్ళో ఆగింది. వెనుక మా అండా ఉంది, దాంట్లో సగం ఉడికిన అన్నం. ఆమె బండి చక్రం పక్కన నేల మీద కూర్చుని ఉంది. చెట్లు కొట్టేవాళ్ళు కొండలోకి పారిపోయారట. జీపు జాడ లేదు. కమిటీ మగవాళ్ళంతా చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"ఊరి పరువు తీసింది సార్ ఇది" అన్నాడు మా మామ.

"అండా ఎవరిది?" అని ఆఫీసరు అడిగాడు.

"ఆమెదే సార్" అన్నాడు మామ, నా వైపు చూడకుండా.

ఆమె తలెత్తి నన్ను చూసింది. అండా ఆమెదే అని తేలితే, తనంతట తాను సామాను పెట్టుకుని ఈ పని చేస్తోందని రాసుకుంటారు. తప్పంతా ఆ ఒక్క మనిషి మీదే పడుతుంది. ఊరు చేతులు కడుక్కుంటుంది. ఇది నాకు చదువు వల్ల తెలియలేదు. ఇన్నేళ్ళు ఆ ఊళ్ళో బతికినందుకు తెలిసింది.

"మాది సార్ ఆ అండా" అన్నాను. "అంచు మీద సంఘం పేరుండాది. సూడండి."

"నువ్వు నోరు ముయ్ మ్మే" అన్నాడు మామ.

"ఉపాధ్యక్షురాలిని నువ్వే కదా మామా చేసింది. ఇప్పుడు పలకొద్దంటే ఎట్ల?" వెనుక ఎవరో ఆడవాళ్ళు నవ్వారు. నేను ఆఫీసరు వైపు తిరిగాను. "రాస్తే అండా మాదని రాయండి సార్. బియ్యం దించినాయన పేరూ రాయండి. ఆయన జీపు టీ అంగడి కాడ ఆగతాది, ఈళ్ళందరికీ తెలుసు."

ఆఫీసరు మగవాళ్ళ వైపు చూశాడు. వాళ్ళు కొండ వైపు చూశారు. మా సంఘం ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి నా పక్కన నిలబడ్డారు. "అట్లయితే మమ్మల్నీ ఎక్కించుకోండి సార్" అందొకామె.

"అందరినీ ఎక్కించేదానికి బండి చాలదమ్మా" అన్నాడతను విసుగ్గా. చెడ్డవాడు కాదు. రాత్రంతా కొండలో తిరిగిన మనిషి. అండా సంఘానిదని రాశాడు. జీపు సంగతి ఒకామె చెప్పిందని రాశాడు. నేను కూడబలుక్కుని చదివి, దాని కింద సంతకం పెట్టాను. ఆమెనూ అండానూ తీసుకుపోయారు.

బెయిలు మీద వచ్చింది. తర్వాత చిత్తూరు కోర్టులో వాయిదాలు. మొదటిసారి ఒంటరిగా పోయి వచ్చి అన్నం ముట్టలేదు. ఏమైందంటే, "మళ్ళీ ఒక్కదాన్నే పోలేను అక్కా" అంది, అంతే.

సంఘంలో కూర్చుని మాట్లాడుకున్నాం. ఆమె ఇంటిని తాళం చెవి వంతులోంచి తీసేద్దామని ఒకరిద్దరు అన్నారు. అండానే లేని గదికి వంతేమిటని ఇంకొకామె అంది. చివరికి ఒక మాట మీదికి వచ్చాం. చెవి ఎప్పటిలాగే ఇల్లిల్లూ తిరగాలి. ఆ వారం వాయిదా పడితే, చెవి ఎవరింట ఉంటే వాళ్ళు ఆమెకు తోడు పోవాలి.

అట్లా ఖాళీ గది చెవి ఏళ్ళ తరబడి తిరిగింది. చీకటితో లేచి సంగటి చేసి, పాలు పితికి, మొదటి బస్సెక్కి, తిరుపతిలో మారి చిత్తూరు చేరడం. అక్కడ గోడవార కూర్చోవడం. పిలిచి మరో తేదీ చెప్పడం. మళ్ళీ బస్సు. మా ఆయన "బయల్దేరినావా కలెక్టరమ్మా? మాకు గంజి పోసేదెవురు?" అనేవాడు. మొదట్లో తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని. తర్వాత ఓపిక లేక మూకుడు మూసి వెళ్ళిపోయేదాన్ని. ఒక్కోసారి ఆ చెవి మా ఇంటికి వస్తోందంటేనే నడుము నొప్పి మొదలయ్యేది. అయినా ఎవరమూ వంతు తప్పలేదు. తప్పితే తర్వాతి ఇంటామె నోటికి జవాబు చెప్పుకోలేం.

కొండ మీద మాత్రం కొట్టేసిన చెట్ల మొద్దులు పెరుగుతూనే పోయాయి. జీపు రంగు మారింది. కోర్టు మెట్ల మీద ఆ మనిషిని ఎన్నడూ చూడలేదు.

చివరికి కేసు కొట్టేశారు. ఆ మాట విని ఆమె, "ఇంక రాబల్లేదా అక్కా?" అని రెండుసార్లు అడిగింది.

అండా కోసం అడవి ఆఫీసుకు ఇద్దరమూ పోయాం. "మగవాళ్ళెవరూ రాలేదా?" అన్నాడు అక్కడి గుమాస్తా. "సంతకం నాకొచ్చు" అన్నాను. అండా చెట్టు కింద ఉంది. ఎవరో కాళ్ళు కడుక్కునే నీళ్ళు పట్టి పెట్టుకున్నారు. అడుగు సొట్టపోయింది. నీళ్ళు వంపేసి, చెరొక పక్క పట్టుకుని మోసుకొచ్చాం. "పెళ్ళెవురికమ్మా?" అని కండక్టరు వేళాకోళం చేశాడు.

ఏర్పేడులో దిగాక ఆమె నన్ను ఆగమని, అండా నా దగ్గర పెట్టి అంగడికి పోయింది. బెల్లం ముక్క పొట్లం కట్టించుకుని వచ్చి, దాన్ని అండాలో వేసింది.

"ఎరువు తీసుకున్నది నేను. ఖాళీగా ఇస్తే ఎట్లక్కా?"

గది దాకా మోసేసరికి నాకు చేతులు పడిపోయాయి. ఆ వారం చెవి ఆమె ఇంట్లోనే ఉంది. పోయి తెచ్చి, తలుపు ఆమే తీసింది.