రైల్వే గోళీలు

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. పోయినావిడకు పొగడ్తలు గిట్టేవి కావు, నాకేమో రాతకు ఒళ్లు వంగదు. కానీ మా ఆవిడ ఊరుకోలేదు.

మా డబ్ల్యూఆర్ఎస్, అంటే రైల్వే వ్యాగన్ల మరమ్మతు షాపు, కాలనీలో వెనక వీధి అమ్మాయి పోయిన ఆదివారం కామెర్లు ముదిరి చనిపోయింది. అమ్మాయంటే యాభై దాటినావిడే. వాళ్ల నాన్నా నేనూ ఒకే షెడ్డులో వ్యాగన్లు బాగుచేశాం కనుక నాకు అమ్మాయే. ఈ హిందీ ఊళ్లోనే ఒక ఆసుపత్రి క్యాజువాలిటీలో, అంటే అత్యవసర విభాగంలో, ఫార్మసిస్టు.

వ్యాగన్లంటే గుర్తొచ్చింది. మరమ్మతు చేసి గేటు దాటించామంటే మళ్లీ దాని మొహం చూసేవాళ్లం కాదు. ఎక్కడ పట్టాలు తప్పినా అది ఇంకొకళ్ల తలనొప్పి. ఆవిడ పని దీనికి తిరగేసి ఉండేది. క్యాజువాలిటీ నుంచి ఇంటికెళ్లిపోయినవాళ్ల చీటీలు ముందేసుకుని, తేడా కనిపిస్తే ఫోన్ చేసేది. హలో అనేది కాదు, "తిన్నారా?" అనేది. మర్యాదకు కాదు, గోళీ పడిందో లేదో తెలియాలి.

ఓసారి మా ఆవిడ పండరీ బజారులో చీరల కొట్టు మెట్టు మీద జారి మోకాలు వాచగొట్టుకుంది. క్యాజువాలిటీలో డాక్టరు ఏమైనా మందులు వాడుతున్నారా అని అడిగితే "నహీ" అంది. కట్టు కట్టి, నొప్పి గోళీలు రాసి పంపారు. ఇంటికొచ్చి కంచాల ముందు కూర్చున్నామో లేదో ఫోను.

"పిన్నీ, తిన్నావా?"

"తింటన్నానే. నువ్వో?"

"నా సంగతి ఛోడో. నొప్పి గోళీ ఏసుకోకు. రైల్వే ఆసుపత్రి నుంచి ఏటైనా తెచ్చుకుంటన్నావా?"

"అవి మందులేటే? ఊరికే ఇస్తారు కదా!"

మా కాలనీ మొత్తానిదీ అదే తీరు. కొంటేనే మందు. రైల్వేవాళ్లు పొట్లం కట్టి ఇచ్చేది ఉప్పూ పసుపులాగా ఇంటి సరుకు.

"బాబాయ్, ఆ పొట్లం మీద పేరు చదువు."

చదివాను. గుండె కవాటం మార్చాక మా ఆవిడ రోజూ వేసుకునే, రక్తాన్ని పలచబరిచే గోళీ.

"రెండూ కలిస్తే కడుపులో రక్తం పోతాది. డాక్టర్ సాబ్‌తో మాటాడి చెప్తాను, రుకో."

నొప్పి గోళీ కంచం పక్కనే ఉంది. మా ఆవిడ ఎంగిలి చేత్తో దాన్నే చూస్తూ కూర్చుంది. కాసేపటికి మళ్లీ ఫోను. డాక్టరు మందు మార్చాడు.

"ఎలా పట్టావే?" అన్నాను.

"అరవై దాటిన రైల్వే ఇంట్లో గోళీల్లేవంటే నమ్ముతానా బాబాయ్? మా అమ్మా ఏ మందుల్లేవనే చెప్పేది."

మా ఆవిడ ఇప్పటికీ నన్ను సాధిస్తూనే ఉంది. ఆ పుణ్యం ఆ అమ్మాయిదే.

ఆ అమ్మాయిని సాగనంపి సమాధుల తోట నుంచి వచ్చిన మర్నాడు నా కాల్లో మేకు దిగితే అదే క్యాజువాలిటీకి వెళ్లాం. మందులేమైనా వాడుతున్నారా అని ఆ అమ్మాయి చోట కూర్చున్న కొత్తావిడ అడిగింది. నేను నోరు తెరిచేలోగా మా ఆవిడ నా రైల్వే పొట్లాలన్నీ బల్ల మీద బోర్లించింది. ఒకటి మంచం కిందికి జారింది. వంగి తీసి ఇచ్చాను.