వసిలీన మాత్రలు, మా అమ్మ పుట్టగొడుగులు

మా అన్న మిఖాస్ గోమెల్ పట్నంలో పెళ్ళి చేసుకుని వసిలీనను ఇంటికి తెచ్చిన రోజు మా వీధివాళ్ళెవరూ ఆమె మొహం చూడలేదు. అందరూ మెడే చూశారు. మెడ అడుగున అడ్డంగా సన్నని కోత మచ్చ ఉంటుంది. మా వైపు దాన్ని చెర్నోబిల్ నెక్లెసు అంటారు. చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రం పేలిన ఏడు వదినకి ఆరేళ్ళు. పద్నాలుగో ఏట థైరాయిడ్ క్యాన్సరని మిన్‌స్క్‌లో గ్రంథి మొత్తం తీసేశారు. అప్పటినుంచి రోజూ పరగడుపున ఒక చిన్న తెల్ల మాత్ర వేసుకోవాలి. గ్రంథి చెయ్యాల్సిన పని ఆ మాత్ర చేస్తుంది. విషయం ఇంతే. ఎనిమిదో తరగతితో బడి మానేసిన నాకే అర్థమైంది.

పెళ్ళి విందులోనే పక్కింటి జినాయిద మా అమ్మ దగ్గర మొదలుపెట్టింది.

"పిల్ల చక్కగానే ఉంది, స్తెఫానీదా. కానీ కుట్లేసిన గోనెలో గింజలు నిలుస్తాయంటావా?"

మా అమ్మ నవ్వింది. వదిన చేతిలో గ్లాసు కింద పెట్టి, "మీ గోనెకి కుట్లు లేవు కదా పిన్నిగారూ, మరి నోరంతా ఇలా కారిపోతోందేం?" అంది.

ఆ మచ్చ ఉన్న ఆడవాళ్ళు ఎండాకాలంలో కూడా మెడకి రుమాలు చుట్టుకుంటారు. వదిన చుట్టుకోలేదు. అదే మా వాళ్ళకి పెద్ద నేరమైపోయింది.

ఇక ఆ నేరం మోపినవాళ్ళ సంగతి. మా అడవి మొదట్లో రేడియేషన్ ఉంది, లోపలికి పోవద్దని బోర్డు ఉంటుంది. మా ఊళ్ళో అందరూ సైకిళ్ళు ఆ బోర్డుకే ఆనించి లోపలికెళ్ళి పుట్టగొడుగులు కోసుకొస్తారు. మా అమ్మయితే వాటిని దారానికి గుచ్చి పొయ్యిమీద దండలు దండలుగా వేలాడదీస్తుంది. దేవుడి పటానికి కూడా అన్ని అలంకారాలు ఉండవు. మిగిలినవి రోడ్డు పక్కన పెట్టుకుని, కార్లలో వచ్చే పట్నం వాళ్ళకి, రేడియేషన్ తాకని ఉత్తరాది పేరు చెప్పి, "విటెబ్స్క్ అడవివి బాబూ, కల్తీ లేనివి" అని అమ్ముతుంది. రేడియేషన్ మాటెత్తితే, గ్లాసుడు నాటుసారా పోస్తే అదే కొట్టుకుపోతుందంటుంది. అంత ధైర్యవంతులు మా వాళ్ళు.

వదినకి నెల తప్పింది. గోమెల్ డాక్టరమ్మ దగ్గరికి తోడుగా నేనే వెళ్ళాను. "జబ్బు తిరగబెట్టలేదు. అది బిడ్డకి అంటుకునేదీ కాదు," అందావిడ. "కానీ మొదటి నెలల్లో బిడ్డ గ్రంథి పనిచెయ్యదు. కావలసింది నీ రక్తంలోంచే తీసుకుంటుంది. అందుకే మోతాదు పెంచుతున్నాను. ఒక్క రోజు కూడా మానొద్దు."

ఇంటికొచ్చి చెబితే మా అమ్మకి ఒక్క ముక్కే వినబడింది.

"పెంచిందా! గొంతు కోసింది చాలక, ఇప్పుడు నా మనవడి నోట్లో కూడా రసాయనం పోస్తారా?"

"మనవడో మనవరాలో, ముందు బతకాలి కదా అత్తయ్యా."

"మా అమ్మ తొమ్మిదిమందిని కన్నది. ఒక్క మాత్ర మింగిందా?"

"ఆవిడకి గ్రంథి ఉంది."

"నాకెదురు చెప్పకు!"

జినాయిద పుట్టగొడుగుల పులుసు జుర్రుకుంటూ, "ఆ మందులు లోపల పడనీ అక్కయ్యా, పిల్ల ఏ రెండు తలలతోనో పుడుతుంది," అంది. ఆ పులుసు గిన్నె పక్కన రేడియేషన్ కొలిచే యంత్రం పెడితే అది కీచుమని మొత్తుకునేది. ఆవిడ ఇంకో గిన్నె అడిగి పోయించుకుంది.

మరునాటికి మాత్రల అట్టలన్నీ మా అమ్మ పెట్టెలో ఉన్నాయి. తాళంచెవి ఆవిడ మెడలో ఉంది. నెల తిరిగేదాకా ఆసుపత్రిలో మళ్ళీ ఇవ్వరు. వదిన అన్న వైపు చూసింది. మా అన్న ఒంటిచేత్తో ట్రాక్టరు చక్రం ఎత్తుతాడు, అమ్మ ముందు తల మాత్రం ఎత్తలేడు. "అమ్మ మన మంచికే కదా చెబుతోంది. కొన్నాళ్ళు చూద్దాం," అన్నాడు.

రెండో వారానికి వదిన మొహం ఉబ్బింది. గొంతు బొంగురుపోయింది. పొయ్యి పక్కన శాలువా కప్పుకుని కూర్చుని, ఒక చేతిలో బంగాళాదుంప, ఇంకో చేతిలో కత్తి ఉండగానే నిద్రపోయేది. బలానికని అమ్మ పోసే పులుసును మాత్రం, అమ్మ అటు తిరగ్గానే, పంది కుడితిలో ఒంపేసేది. "విషం దిగిపోతోంది, అందుకే ఆ మగత," అని జినాయిద తేల్చి చెప్పింది.

ఒకరోజు పొద్దున్న నేను నీళ్ళు తెచ్చేసరికి వదిన పొయ్యి ముందు పీట మీద కూర్చుని ఉంది. పొయ్యి తలుపు తెరిచి ఉంది. అమ్మ ఏడాదంతా గుచ్చిన పుట్టగొడుగుల దండలన్నీ ఆమె ఒళ్ళో ఉన్నాయి.

"అత్తయ్యా, తాళం తీయండి."

"నీకు మతి పోయిందేవిటే!"

వదిన ఒక దండ నిప్పుల్లో పడేసింది. చిటపటమని వాసనొచ్చింది. మా అమ్మ కేక వీధి చివరిదాకా వినబడి ఉంటుంది. కోడలు సోలిపోతుంటే ఒక్కసారి కూడా రాని కేక అది.

"నా పుట్టగొడుగులే! మంచివన్నీ ఏరి గుచ్చానే!"

"దండకో అట్ట," అంది వదిన. "మీ ఇష్టం."

రెండో దండ పొయ్యి దాకా వెళ్ళింది. మనవడి కోసం కదలని కాళ్ళు అప్పుడు కదిలాయి. అమ్మ పరిగెత్తి పెట్టె తెరిచింది. ఒక్కో అట్టా తెచ్చి, ఒక్కో దండా పట్టుకుపోయి గుండెలకి హత్తుకుంది. అన్న గుమ్మంలో నిలబడి, ఏ వైపు మాట్లాడాలో తెలియక బూట్లు విప్పుకున్నాడు. నేను గ్లాసులో నీళ్ళు పోసి వదినకిచ్చాను. ఆమె అందరి ఎదుటా మాత్ర మింగి, "బూడిద కూరల మడిలో వెయ్యకండి. పాతిపెట్టండి," అంది.

మంచు కరిగే రోజుల్లో ఆడపిల్ల పుట్టింది. ఉలియానా అని పేరు పెట్టారు. జినాయిద వచ్చి పొత్తిగుడ్డ విప్పి వేళ్ళు లెక్కపెట్టింది. మెడ కింద వెతికింది. చివరికి, "మామూలు పిల్లేనే," అంది నిరాశగా.

"మరేమనుకున్నావ్?" అంది మా అమ్మ. "తొమ్మిది నెలలూ నా పులుసు తాగించి పెంచాను. ఆ మాత్రల వల్ల ఏమొరిగింది?"

వదిన పాపను భుజానికి వేసుకుంది.

"నిజమే అత్తయ్యా. మన పంది కూడా ఈ ఏడు ఎంత బాగా పెరిగిందో."