నిలబెడితే ఇనుము, నడిపితే కారు

ముందుగా మన్నించమని అడుగుతున్నాను. నా చేతిరాత కోడి గీకినట్టు ఉంటుంది. ఒత్తులూ దీర్ఘాలూ పడాల్సిన చోట పడవు. ఊరిబడిలో అయిదు దాకా చదివి పడవల్లోకి వెళ్ళినవాణ్ణి. గుడివాడ స్కూల్లో టీచరుగారి దగ్గర లెక్కలు నేర్చుకున్న మీరంతా కలిసి ఆవిడ మీద పుస్తకం వేస్తున్నారని, నన్ను కూడా నాలుగు ముక్కలు రాయమని కబురు చేశారు. తప్పులు దిద్దుకోండి. మాటలు మాత్రం మార్చకండి.

టీచరుగారు పోయారన్న కబురు వచ్చేసరికి నేను ఆవిడ కారు కిందే ఉన్నాను. అవనిగడ్డలో, ఆవిడ ఇంటి పక్క రేకుల షెడ్డులో, ఊడిపోయిన సైలెన్సరు పట్టీ బిగిస్తున్నాను. ఆవిడ బందరు ఆస్పత్రిలో చేరి అప్పటికి నాలుగు రోజులు. ఎదురింటాయన వచ్చి కారు పక్కన గొంతుక్కూర్చుని, కిందికి వంగి, "మేస్త్రీ, టీచరుగారు పోయారయ్యా" అన్నాడు. చేతిలో ఉన్న బోల్టు పూర్తిగా బిగించి అప్పుడు బయటికి వచ్చాను. ఏం మనిషిరా వీడు అనుకొని ఉంటాడు. అనుకోనివ్వండి. సగం బిగించిన బోల్టు వదిలి వస్తే ఆవిడ ఒప్పుకునేవారు కాదు.

మీలో చాలామంది ఆ కారు చూసే ఉంటారు. రెండే సీట్లు. గుడ్డ కప్పు. నేల మీద పాకినట్టు ఎత్తు తక్కువ. అందులో కూర్చుంటే ఎదురొచ్చే ఎడ్లబండి ఇరుసు మన కళ్ళకి సమానంగా వస్తుంది. అది బందరులో ఒక డాక్టరుగారిది. ఆయన పోయాక పశువుల కొట్టంలో పడేశారు. ఆ ఇంట్లో ఎవరి పిల్లకో పరీక్ష ఫలితం చెప్పడానికి వెళ్ళిన టీచరుగారు దాన్ని చూశారు. అప్పటికి సీటు మీద కోడి పొదుగుతోందట. గుడ్లు పిల్లలయ్యేదాకా ఆగి, కోడి దిగాక ఆవిడ దాన్ని కొనుక్కుని ఎక్కారు. అప్పుడు ఆవిడకి యాభై రెండేళ్ళు. భర్త పోయి ఏడాది తిరగలేదు. కారు నడపడం రాదు.

ఆ కారుని ముట్టుకోవడానికి బందరులో మెకానిక్కులు ఒప్పుకోలేదు. కోడూరులో పడవ ఇంజన్లు బాగుచేసేవాడు ఒకడున్నాడని ఎవరో చెబితే బస్సెక్కి నా దగ్గరికి వచ్చారు. నేను గ్రీజు చేతులతో లేచి నిలబడ్డాను.

"మేస్త్రీగారూ, కారు చూస్తారా?"

"నాకు కార్ల పని రాదండి. పడవలేనండి."

"పడవ ఇంజన్లో ఏముంటుంది?"

"నూనె మండుద్దండి. చక్రం తిరుగుద్దండి."

"దీన్లోనూ అంతే. రండి."

నన్ను అంతవరకు ఎవరూ గారు అనలేదు. ఆ ఒక్క మాటకే వెళ్ళాను, అబద్ధమెందుకు. ఇరవై ఎనిమిదేళ్ళు ఆ కారు పని చేశాను.

ఇంజను రగలడానికి నాలుగు నెలలు పట్టింది. తర్వాత ఆవిడ రంగు వేయించారు. పసుపు రంగు. ఆవిడ ఆడపడుచు ఆ రోజు వచ్చి వీధిలోనే నిలబడి అన్న మాట నేను షెడ్డులోంచి విన్నాను.

"ఏం వదినా, అన్నయ్య పోయి ఏడాదన్నా కాలేదు. కారా? అదీ పసుపా? నలుగురూ ఏమనుకుంటారు?"

టీచరుగారు గొంతు పెంచలేదు. బోర్డు మీద లెక్క చెప్పినట్టే చెప్పారు. "నాకు పసుపు పెట్టుకునే హక్కు లేదన్నారుగా. దానికి పెట్టాను. ఎక్కుతావా, రథం సెంటరు దాకా దింపుతాను?"

ఆ ఆడపడుచు ఎక్కలేదు. ఆ తర్వాత చాలాకాలం ఆ ఇంటికి చుట్టాలు రావడం తగ్గింది. పాత కారు ఖర్చంటే అందరూ పెట్రోలూ సామాన్లూ అనుకుంటారు. టీచరుగారికి అసలు ఖర్చు అది. పెళ్ళిళ్ళకి పిలిచేవారు, బస్సులో రమ్మని చెప్పి మరీ పిలిచేవారు. ఆవిడ కారులోనే వెళ్ళేవారు. చీర కొంగు నడుముకి దోపి, భర్త మఫ్లరు చెవులకి చుట్టుకొని, పెళ్ళిపందిరి ముందే ఆపేవారు.

నేనూ ఆవిడకి తక్కువ తలవంపులు తేలేదు. మొదటి ఏడాదే నావల్ల పెద్ద పొరపాటు జరిగింది. మా వైపు ఉప్పుగాలికి ఇనుమన్నది నిలవదు. పడవ చెక్కకీ మేకులకీ మేం సొరచేప నూనె పూస్తాం. తాతల నుంచీ అదే మందు. కారు కింద తుప్పు పట్టడం చూసి, ఆవిడ ఊళ్ళో లేనప్పుడు, రెండు డబ్బాల నూనె కాచి అడుగంతా పట్టించాను. మంచి పని చేశాననుకున్నాను.

సోమవారం ఆవిడ గుడివాడ వెళ్ళారు. ఇంజను వేడెక్కింది. ఇక చూడండి. స్కూలు గేటు దగ్గర కారు చుట్టూ పిల్లులు చేరాయట. హెడ్మిస్ట్రెస్సుగారు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకొని "ఎవరండీ చేపలు తెచ్చింది?" అని స్టాఫ్ రూమంతా వెతికించారట. మీలో ఎవరికన్నా గుర్తుంటే నా పేరు చెప్పి నవ్వుకోండి.

శనివారం టీచరుగారు వచ్చారు. నేను తల దించుకొని నిలబడ్డాను.

"ఏం పూశారు మేస్త్రీగారూ?"

"సొరనూనండి."

"ఎందుకు?"

"తుప్పు పట్టకుండానండి. పడవలకి అదేనండి."

"ఈ వాసన ఎప్పటికి పోతుంది?"

"పోదండి."

ఆవిడ నా మొహం చూసి, మెట్ల మీద కూర్చుని కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. "సరే. కారుకేం తెలుసు, తను పడవ కాదని" అన్నారు. ఆ తర్వాత ప్రతి ఎండాకాలం ఆవిడే గుర్తుచేసేవారు, నూనె పుయ్యలేదేమని. మా వైపు కొత్త కార్లే అయిదారేళ్ళకి అడుగు ఊడి పోతున్నాయి. దీని అడుగు ఇవాళ్టికీ గట్టిగా ఉంది. వాసనా ఉంది.

ఒకసారి కారు ఇంజన్ని చల్లబరిచే నీళ్ళ పంపు పగిలింది. అలాంటిది దేశంలో ఎక్కడా దొరకలేదు. ఏడు నెలలు కారు కదల్లేదు. పడవ పంపుని అరగదీసి అతికించబోతే ఒకటి పగిలింది, రెండోది కారింది. నాకు ఏడుపొచ్చి సుత్తి విసిరేశాను. ఆవిడ సుత్తి తెచ్చి నా చేతికిచ్చి, "లెక్క తప్పితే మళ్ళీ వెయ్యాలి. పలక పగలగొడితే ఏమొస్తుంది?" అన్నారు. మూడోది నిలిచింది. ఆ ఏడు నెలలూ ఆవిడ బస్సులో నిలబడి వెళ్ళారు. చూసినవాళ్ళు ఊరుకుంటారా? "ఏమండీ టీచరుగారూ, విమానం రిపేరా?" అని అడిగేవారు. "అవును, రెక్కలు ఎండబెట్టాం" అనేవారు.

ఇంక సుఖం సంగతి. నాకు మాటలు తక్కువ. అయినా చెబుతాను. ఏదన్నా పెద్ద రిపేరు అయిపోయాక ఆవిడ నన్ను పక్క సీట్లో కూర్చోబెట్టుకొని కరకట్ట మీదుగా కోడూరు, అక్కణ్ణించి పాలకాయతిప్ప దాకా తీసుకెళ్ళేవారు. పొద్దున పూట, కప్పు తీసేసి. ఒక పక్క వరి, ఇంకో పక్క రొయ్యల చెరువులు. నేను పుట్టింది సముద్రం మీద. గాలి నాకు కొత్త కాదు. కానీ పడవలో గాలి మనల్ని తోస్తుంది. ఆ కారులో మనం గాలిని తోస్తాం. ఆవిడ గేరు మారుస్తూ "గేరుని తొయ్యకూడదు మేస్త్రీగారూ, అడగాలి" అనేవారు. అది ఇచ్చేది. నేను సీటు అంచు పట్టుకొని కూర్చునేవాణ్ణి. ఒక్క మాటా మాట్లాడేవాణ్ణి కాదు. దిగాక "బాగుందండి" అనేవాణ్ణి. అంతకుమించి ఆవిడకి ఎప్పుడూ చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

కృష్ణకి వరద వచ్చిన ఏడాది ఊరంతా కరకట్ట ఎక్కింది. టీచరుగారు ముందు కారు ఎక్కించారు. "అమ్మా, టీవీ, బీరువా?" అని ఎవరో అరిచారు. "వాటికి చక్రాలు లేవు" అన్నారు. ఇల్లు నడుంలోతు మునిగింది. ఆవిడ వానలో గొడుగు వేసుకొని కారులో కూర్చున్నారు. చేపలమ్ముకునే ముసలమ్మ ఒకతె ఖాళీ తట్టతో వచ్చి పక్క సీట్లో కూలబడింది.

"ఈ జన్మకి కారెక్కానమ్మా. ఏం లాభం, కదలదాయె!"

"కదలదని ఎవరన్నారే?" అని టీచరుగారు తాళం తిప్పారు. ఆవులూ మంచాలూ మనుషులూ పక్కకి జరిగారు. ఆ ముసలమ్మని కట్ట మీద అటూ ఇటూ మూడుసార్లు తిప్పారు. ఇళ్ళు మునిగిన జనం అది చూసి ఈలలు వేశారు. బుద్ధి లేదా అన్నవాళ్ళూ ఉన్నారు. ఆ వరదలో ఊరు నవ్వింది ఆ ఒక్కసారే అని నేనంటాను.

ఇక ఇప్పటి సంగతి రాయాలి. ఇందుకోసమే కాగితం పట్టుకున్నాను.

పెద్దకర్మ అయిన మర్నాడు ఆ ఆడపడుచు కొడుకు, ఆవిడ మేనల్లుడుగారు, షెడ్డులోకి వచ్చారు. విజయవాడలో ఉద్యోగం. మంచి మనిషే. ఆవిడకి పిల్లలు లేరు కాబట్టి అన్నీ ఆయనకే వస్తాయి.

"మేస్త్రీగారూ, హైవే మీద హోటలాయన కారు అడుగుతున్నాడు. ఇంజను పీకేసి గుమ్మం ముందు పెట్టుకుంటాడట. సీట్లలో పూలమొక్కలు పెడతాడట. తాళం ఇవ్వండి."

నేను ఎవరికీ ఎదురు చెప్పి ఎరగను. నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు.

"ఇవ్వనండి."

"మీరెవరండీ ఇవ్వకపోవడానికి?"

"ఇంజను మేస్త్రీనండి."

ఆయనకి కోపం వచ్చింది. అయినా నేను తాళం జేబులోంచి తియ్యలేదు. "నిలబెడితే ఇనుము, నడిపితే కారు" అని ఆవిడ వెయ్యిసార్లు అన్నారు. ఆ మాట చెప్పాను. ఆయన మెత్తబడలేదు. అప్పుడు మా పేట పద్ధతి చెప్పాను. మా పేటలో పడవగల మనిషి పోతే, అమ్మే ముందు ఆ ఇంటి మనిషి ఒకరు ఒక్కసారన్నా ఆ పడవని నీళ్ళలోకి తీసుకెళ్ళి రావాలి. ఊరికే ఒడ్డు మీద నుంచి బేరం పెట్టడం మా వాళ్ళు ఒప్పుకోరు.

"ఇది పడవ కాదుగా" అన్నారాయన.

"ఒక్కసారి నడపండి బాబూ. తర్వాత తాళం మీ చేతిలో పెడతాను."

నేనే నడపవచ్చు కదా అని మీరు అడగవచ్చు. బోటు బెల్టులో పడి నా ఎడమకాలు ఏనాడో చచ్చుబడింది. క్లచ్చి తొక్కలేను. ఇరవై ఎనిమిదేళ్ళు బాగుచేశాను గానీ ఒక్క గజం నడపలేదు.

ఆయన ఎక్కారు. నేను పక్కన కూర్చున్నాను. రెండుసార్లు ఆగిపోయింది. గేరు గరగరలాడింది. "తొయ్యకండి, అడగండి" అన్నాను. చల్లపల్లి రోడ్డు వదిలి కరకట్ట ఎక్కేసరికి చెయ్యి కుదిరింది. కోడూరు దాటాక ఆయన చొక్కా గాలికి పొంగింది. పాలకాయతిప్ప దగ్గర ఆపి చాలాసేపు దిగలేదు.

"చిన్నప్పుడు అత్తయ్య ఎక్కించుకుంటానంటే మా అమ్మ ఎక్కనివ్వలేదు" అన్నారు. "జనం నవ్వుతారని."



తిరిగి వచ్చాక ఆయన తాళం అడగలేదు. ఆయన ఉండేది అపార్టుమెంటు. చూసుకునే తీరిక లేదు. అది నిజమే. "మాఘ పౌర్ణమి దాకా ఆగుతాను మేస్త్రీగారూ. నడిపేవాళ్ళు దొరికితే ఊరికే ఇచ్చేస్తాను. దొరక్కపోతే హోటలాయన లారీ పంపుతాడు. అప్పుడు మీరు అడ్డం పడకూడదు" అన్నారు. సరేనన్నాను. మాటంటే మాటే.

అందుకని మిమ్మల్ని అడుగుతున్నాను. మీరు ఆవిడ పిల్లలు. మీలో ఒక్కరు రండి. దాచుకుందామనుకునేవాళ్ళు రాయవద్దు. ఫొటోల కోసం అడిగేవాళ్ళు అసలు వద్దు. నడిపేవాళ్ళే కావాలి. ముందే చెబుతున్నాను, వానొస్తే తడుస్తారు. వారంలో ఒక పూట దీనికే పోతుంది. నడుం పట్టేస్తుంది. వాసన సంగతి చెప్పాను. దారిలో ఆగిపోతే నవ్వేవాళ్ళు నవ్వుతారు. ఈ వయసులో కారేంటి అని ఇంట్లో అంటారు. అననివ్వండి. నడపడం రాకపోయినా పరవాలేదు, ఆవిడకి మాత్రం వచ్చా? నేను పక్కన కూర్చుని చెబుతాను. నాకు ఓపిక ఉన్నన్నాళ్ళు పని నాది.

మాఘ పౌర్ణమికి ఎన్నో రోజులు లేవు. ఉత్తరం ఆలస్యం చెయ్యకండి. రెండు ముక్కలు చాలు, వస్తున్నానని. రోజూ పొద్దున్నే ఇంజను రగిలించి కాసేపు అలా ఉంచుతున్నాను. షెడ్డు తలుపులు రెండూ బార్లా తీసి ఉన్నాయి. ముందు చక్రాలు రోడ్డు వైపుకి తిప్పి ఉంచాను.