రెండు రాగి రేకులు

కడప దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పిన రోజుల్లో మా శాఖాధిపతి అంటే నాకు గిట్టేది కాదు. ఆయనకూ నేనంటే అంతే. లాగ్-పీరియాడిక్ యాంటెన్నా పాఠం దగ్గర అది బయటపడింది.

ఒక కొస నుంచి ఇంకో కొసకు భాగాలన్నీ ఒకే నిష్పత్తిలో పెరుగుతూ పోయే యాంటెన్నా అది. ఆ నిష్పత్తి ఉంటే చాలు, ఫ్రీక్వెన్సీ ఎంత మారినా ఒకేలా పనిచేస్తుందని ఆయన ఏళ్ల తరబడి నోట్సు చెప్తున్నాడు. అది చాలదని నా క్లాసులో నేను చెప్పాను. దాని మూలం సెల్ఫ్-కాంప్లిమెంటరీ యాంటెన్నాలో ఉంది. అందులో లోహం ఏ ఆకారంలో ఉంటుందో, కత్తిరించగా మిగిలిన ఖాళీ కూడా అదే ఆకారంలో ఉంటుంది. ఇంపీడెన్స్‌ను, అంటే కరెంటుకు యాంటెన్నా పెట్టే అడ్డును, మారకుండా నిలబెట్టేది ఆ పొందికే.

ఎవరో ఆయనకు చేరవేశారు. మరుసటి రోజు పాఠం మధ్యలో వచ్చి, పిల్లలందరి ముందు నిలబడి అడిగాడు.

"ఏమ్మా, ఇన్నేండ్లు నేను చెప్పిందంతా తప్పా? యాడ చదివినావు నువ్వు?"

"చదివింది ఎందుకు సార్, కొలిచి చూపిస్తా," అన్నాను. సుద్దముక్క కింద పెట్టేశాను.

రెండు రాగి రేకులు నేనే కత్తిరించాను. రెండింటికీ అంచుల్లో రంపంలా పళ్లు, రెండింటిలోనూ అదే నిష్పత్తి. మొదటిదాంట్లో రెండంచుల పళ్లు ఎదురెదురుగా పెట్టాను. రెండోదాంట్లో ఒక అంచున పన్ను ఉన్నచోట రెండో అంచున ఖాళీ వచ్చేలా, లోహమూ ఖాళీ ఒకే ఆకారంలో ఉండేలా కోశాను. కొలిచే రోజు పొద్దున చూస్తే ల్యాబులో రేకులు లేవు.

"సారు పారేయమన్యాడమ్మా. మీ మీద శానా కోపంగా ఉండాడు," అన్నాడు అటెండరు, తలెత్తకుండా.

బయట చెత్తలో, విరిగిన స్టూళ్ల కింద దొరికాయి. వంగిన పళ్లను పట్టకారుతో ఒక్కొక్కటే సరిచేశాను. ఒక్కో పన్నుకూ ఆయన్ను తిట్టుకున్నాను.

మధ్యాహ్నం అందరి ముందూ కొలిచాను. ఫ్రీక్వెన్సీ మార్చినప్పుడల్లా మొదటి రేకు దగ్గర ఇంపీడెన్స్ చూపే మీటరు ముల్లు ఎగిరెగిరి పడింది. రెండోదాని దగ్గర దాదాపు ఒకేచోట నిలిచింది. పిల్లలు ఆయన ముఖంలోకి చూశారు. మీటరు పాతదని చెప్పి వెళ్లిపోయాడు. ఆ వారమే ల్యాబు తాళాలు నా దగ్గర నుంచి తీసుకున్నారు.

కొన్ని నెలలకు కర్నూలులో సెమినారు జరిగింది. ఆయన వేదిక ఎక్కి నా రెండు రేకుల బొమ్మలు, నా కొలతలు తెర మీద చూపించాడు. నిష్పత్తి ఒక్కటే చాలదనీ, లోహం-ఖాళీల పొందిక ఉండాలనీ నా మాటల్లోనే వివరించాడు. నా పేరు ఎక్కడా లేదు.

ప్రశ్నల సమయంలో లేచాను.

"ఈ రేకులు ఎవరు కత్తిరించారు సార్?"

ఆయన నా వైపు నిదానంగా చూశాడు. "మా డిపార్ట్‌మెంట్‌లో చేసినామమ్మా. కూర్చో."

కూర్చోలేదు. అవి నేను కోసినవని, ఆయన చెత్తలో వేయించినవని గట్టిగా చెప్పి బయటికి నడిచాను. నా వెనక ఎవరూ రాలేదు. ఆ ఏడాది చివర్లో ఉద్యోగం మానేశాను. ఆయన ఇచ్చిన సర్టిఫికెట్‌లో నా ప్రవర్తన "పర్వాలేదు" అని రాశాడు. ఆయన్ను నేను ఇప్పటికీ క్షమించలేదు.