ఒకటి నొక్కింది నేనే

ఏడేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. మోస్తున్నానని అనడం కూడా అబద్ధమే. మోసింది నా భార్య. నా తప్పును ఆమె నెత్తిన పెట్టి నేను పక్కన చేతులూపుకుంటూ నడిచాను. ఈ సంగతి పోయిన నెల దాకా నాకొక్కడికే తెలుసు. ఆమెకు కూడా తెలియదు.

నా పేరు చెప్పను. చెబితే ఆమె ఎవరో తెలిసిపోతుంది, ఇప్పటికే ఆమె చాలా మాటలు పడింది. ఇక్కడ రజిత అంటాను. మాది జగిత్యాల వైపు ఒక ఊరు. ఇంటర్ దాకా చదివి సూరత్ వచ్చాను. గోడాదరాలో ఒక గది, నడిచి పోయేంత దూరంలో కార్ఖానా. సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేయడం నా పని. ఒక వారం పగటి పాళీ, ఒక వారం రాత్రి పాళీ. పెళ్లయిన కొత్తలో రజితకు హిందీ రాదు, గుజరాతీ అసలే రాదు. గల్లీలో మనవాళ్లున్నారు కాబట్టి రోజు గడిచేది కానీ, ఆసుపత్రికైనా మందుల షాపుకైనా నేను పక్కన ఉండాల్సిందే. ఆమె తరఫున అన్నీ నేనే మాట్లాడేవాణ్ణి. ఆ మాట నలుగురిలో గొప్పగా చెప్పుకునేవాణ్ణి కూడా.

ఆమెకు మూడో నెల నడుస్తుండగా మా గల్లీ ఆశా వర్కర్ ఇంటికి వచ్చింది. హంసాబెన్ అని పిలిచేవాళ్లం. ఆమెకు తెలుగు రాదు. కానీ ఒక ఫోన్ సేవ ఉందని, అందులో తెలుగు కూడా ఉందని చెప్పింది. వారానికి రెండుసార్లు ఫోన్ వస్తుంది. రికార్డు చేసిన ఒక ఆడగొంతు ఏం తినాలో, ఎప్పుడు పరీక్షకు పోవాలో చెబుతుంది. చివర్లో అడుగుతుంది: తలనొప్పి ఉందా, కళ్లు మసకబారుతున్నాయా, ముఖం, చేతులు వాచాయా, బిడ్డ కదులుతోందా. అంతా బాగుంటే ఒకటి నొక్కాలి. ఏ తేడా ఉన్నా రెండు. రెండు నొక్కితే మరునాడే హంసాబెన్ బీపీ మిషను పట్టుకుని గుమ్మం ముందుంటుంది.

ఇంట్లో ఫోన్ ఒక్కటే, నాది. నా నంబరే ఇచ్చాను. రాత్రి ఎనిమిదింటికి చేయమన్నాను. పగటి పాళీ ఉన్న వారం ఆ వేళకు ఇంట్లోనే ఉంటాను కదా.

మొదట్లో ఫోన్ ఆమెకే ఇచ్చేవాణ్ణి. గోడకు ఆనుకుని కూర్చుని, ఫోన్ చెవికి గట్టిగా అదిమి పట్టుకుని వినేది. రికార్డని తెలియక "ఆఁ అక్కా, తింటున్న" అని జవాబు చెప్పేది. నేను నవ్వేవాణ్ణి. ఈ ఊళ్లో ఆమెతో ఆమె భాషలో, ఆమె ఒంటి గురించి మాట్లాడింది ఆ గొంతు ఒక్కటే. ఆ మాట ఇప్పుడు తడుతోంది.

తర్వాత రాత్రి పాళీ వారం వచ్చింది. ఎనిమిదింటికి నేను సాంచాల మధ్య ఉంటాను. ఆ చప్పుడులో పక్కవాడు చెవిలో అరిచినా వినబడదు. ఫోన్ ఎత్తకపోతే మళ్లీ మళ్లీ వస్తుంది. ఎత్తి, ఏమీ వినకుండా ఒకటి నొక్కేవాణ్ణి. ఒక వారం అయింది. ఇంకో వారం అయింది. పగటి పాళీ వారంలో కూడా అదే అలవాటయింది.

ఈ కథను ఇక్కడ ఆపేస్తే బాగుంటుంది. చప్పుడులో వినబడలేదు, తెలియక నొక్కాను అని. ఎన్నోసార్లు నాకు నేను అలాగే చెప్పుకున్నాను. అది నిజం కాదు. సగమే నిజం.

ఎనిమిదో నెల మొదట్లో ఒక సాయంత్రం. పగటి పాళీ ముగించుకుని ఇంటికి వచ్చాను. రజిత తలకు గుడ్డ కట్టుకుని పడుకుని ఉంది. పొద్దుటి నుంచి తల పగిలిపోతోందని, కళ్ల ముందు మెరుపులు కనబడుతున్నాయని, గాజులు చేతికి బిగుసుకుపోయాయని చెప్పింది. జర చాయ్ తాగి పడుకోమన్నాను. ఆమె కళ్లు మూసుకుంది. అప్పుడే ఫోన్ వచ్చింది. గుమ్మం బయటికి తీసుకుపోయాను. అక్కడ సాంచాలు లేవు, ఏ చప్పుడూ లేదు. ఆ గొంతు ఒక్కొక్క మాటా విడమరిచి అడిగింది. తలనొప్పి ఉందా. కళ్లు మసకబారుతున్నాయా. చేతులు వాచాయా. నేను తలుపులోంచి లోపలికి చూశాను. గుడ్డ కట్టిన ఆమె తల కనబడుతోంది.

ఒకటి నొక్కాను.

ఎందుకు? రెండు నొక్కితే హంసాబెన్ వస్తుంది. ఆసుపత్రికి పోదామంటుంది. మాట్లాడడానికి నేను వెంట ఉండాలి. ఒక రోజు పోతుంది, రెండు రోజులు పోవచ్చు. పెళ్లిళ్ల సీజన్, కార్ఖానాలో పని ఎక్కువగా ఉంది. అప్పుడే నాకు ఎనిమిది సాంచాలు అప్పగించారు. నేను రాకపోతే వేరేవాడికి ఇస్తామని మాస్టర్ ముందే చెప్పాడు. ఆదివారం చూద్దాంలే అనుకున్నాను. అంతకు మించి కారణం లేదు. నేను దుర్మార్గుణ్ణా అని అడుగుతారేమో. నన్ను నేనూ అడుగుతుంటాను. ఆమె మీద కోపం లేదు, బిడ్డ మీద ప్రేమ లేక కాదు. ఆ ఒక్క క్షణంలో నాకు ఎనిమిది సాంచాలు కనబడ్డాయి, ఆమె తలనొప్పి కనబడలేదు.

ఆదివారం రాకముందే ఆమెకు ఫిట్స్ వచ్చాయి. మధ్యాహ్నం ఇంట్లో కూలికి తెచ్చుకున్న చీరలకు దారాలు కత్తిరిస్తూ కూర్చున్నది కూర్చున్నట్టే పడిపోయింది. పక్క గది ఆమె అంబులెన్సుకు ఫోన్ చేసి, మనిషిని పంపి నన్ను పిలిపించింది. బీపీ పెరిగిపోయిందన్నారు. వెంటనే ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. రెండు అరచేతుల్లో పట్టేంత పాప. గాజు పెట్టెలో పెట్టారు.

మూడో రోజు రజితకు పూర్తిగా స్పృహ వచ్చింది. ఒక డాక్టరమ్మ మంచం దగ్గరికి వచ్చింది. ఆమె చేతిలో టాబ్ ఉంది. అందులో మా జవాబులన్నీ ఉన్నాయి. వరుసగా ఒకటి, ఒకటి, ఒకటి. ఆమె కోపంగా కూడా లేదు, అలసిపోయి ఉంది. రజిత వైపు చూసి హిందీలో అడిగింది: ఇంత వాపు ఉన్నప్పుడు, ఇంత తలనొప్పి ఉన్నప్పుడు, అంతా బాగుందని ఎందుకు నొక్కావమ్మా? తర్వాత నా వైపు తిరిగి, అడిగి చెప్పమంది.

"ఏమంటున్నది?" అంది రజిత.

"పానం ఎట్లున్నదని అడుగుతున్నది."

"మంచిగనే ఉన్నదని చెప్పు. పాప ఏదని అడుగు."

నేను డాక్టరమ్మ వైపు తిరిగాను. హిందీలో చెప్పాను: "ఆసుపత్రి అంటే భయపడి దాచిందట, మేడమ్."

డాక్టరమ్మ తల ఊపి టాబ్‌లో ఏదో రాసుకుంది. రజిత ఆమె ముఖంలోకే చూస్తోంది. పాప గురించి ఏం చెబుతుందోనని.

ఆ ఒకటి నొక్కడం కన్నా ఈ మాట పెద్ద తప్పని నాకు తెలుసు. మొదటిది అజాగ్రత్త అనుకోవచ్చు, స్వార్థం అనుకోవచ్చు. రెండోది? మంచం మీద పడి ఉన్న మనిషి తరఫున మాట్లాడుతూ, ఆమె ముందే, ఆమెకు అర్థం కాని భాషలో ఆమె మీద నేరం మోపాను. దానికి ఏ పేరు పెట్టాలో ఇప్పటికీ తెలియదు.

పాప నెల రోజులు ఆసుపత్రిలో ఉంది. నర్సులు నేర్పినట్టు రజిత పాపను తన ఒంటికి ఆనించుకుని, పైన గుడ్డ కట్టుకుని గంటలు గంటలు కదలకుండా కూర్చునేది. హంసాబెన్ రోజు విడిచి రోజు వచ్చేది. ఒకరోజు బొటనవేలితో ఫోన్ నొక్కినట్టు సైగ చేసి, ఎందుకిలా చేశావని రజితను మందలించింది. అప్పటికి రజితకు హిందీ నాలుగు ముక్కలు వచ్చాయి. ఆ రోజు నేను ఆసుపత్రికి పోగానే రజిత అడిగింది.

"నేనెప్పుడు నొక్కిన? తల నొస్తుందని నీకు చెప్తిని గదా."

"నువ్వే నొక్కినవ్. నిద్రల ఉంటివి, ఫోన్ ఇస్తే నొక్కినవ్. అప్పుడు నీకు సోయి లేకుండె, యాది మరిచినవ్."

ఆమె పాప మీది గుడ్డ సర్దింది. తర్వాత తల దించుకుని పాపను చూస్తూ "కావచ్చు" అంది.

ఆ ఒక్క మాట నమ్మింది. ఏడేళ్లు నమ్మింది.

మా అమ్మ ఫోన్లో ఆమెను తిట్టేది, చేతులారా బిడ్డను చంపుకునేదానివి అని. నేను వింటూ ఉండేవాణ్ణి. రజిత నోరెత్తేది కాదు. పాపకు చూపు తక్కువని తేలి, మూడేళ్లకే మందపాటి అద్దాలు పెట్టినప్పుడు, రజిత ఆ అద్దాలు తుడిచిన ప్రతిసారీ ఆమె ముఖం చూడలేకపోయేవాణ్ణి. గల్లీలో ఎవరు కడుపుతో ఉన్నా రజిత వాళ్లింటికి పోయి, ఫోన్ వస్తే నిజం చెప్పమని, తాను అబద్ధం చెప్పి ఎంత పని చేసుకుందో చూడమని చెప్పేది. ఒక ఆదివారం సముద్రం చూడడానికి డుమస్‌కు పోయాం. పాప బజ్జీల బండి దగ్గర నిలబడింది. సముద్రం వైపు చూస్తూ రజిత, అప్పట్లో తనకు మతి సరిగా ఉండేది కాదేమో, ఇప్పుడు కూడా ఏదైనా మరిచిపోతోందేమో, పాపను ఒక్కదాన్నే చూసుకోవాలంటే భయమేస్తోందని చెప్పింది. అప్పుడు చెప్పాల్సింది. బజ్జీలు చల్లారిపోతాయని అన్నాను.

పోయిన నెల హంసాబెన్ మళ్లీ మా ఇంటికి వచ్చింది. రజితకు మళ్లీ మూడో నెల. ఇప్పుడు హంసాబెన్ చేతిలోనూ టాబ్ ఉంది. పేరు కొట్టగానే పాత వివరాలన్నీ వచ్చేశాయి. ఫిట్స్, ఆపరేషన్, నెలలు నిండని బిడ్డ. కింద ఒక వాక్యం: లక్షణాలు దాచింది, ఈమె జవాబులను నమ్మలేము. హంసాబెన్ మంచి మనిషి. రజిత చెయ్యి పట్టుకునే చెప్పింది. ఈసారి ప్రమాదం ఎక్కువ, వారం వారం బీపీ చూసి ఇందులో ఎక్కిస్తాం, ఫోన్లో ప్రశ్నలకు మాత్రం నీ బదులు మీ ఆయనే జవాబు చెబుతాడు, ఆయన నంబరే పెడతాను, ఆయన బాధ్యత గల మనిషి.

రజిత ఇప్పుడు హిందీ నాకన్నా బాగా మాట్లాడుతుంది. సొంత ఫోన్ ఉంది. అయినా తల ఊపింది. అవును బెన్, అప్పుడు తప్పు నాదే, ఆయన నంబరే రాసుకో అంది.

మళ్లీ అదే ఫోన్. మళ్లీ నేనే. ఆమెకు మళ్లీ తల నొస్తే, ఆ మాట ఎవరూ వినరు, ఆమె మాట మీద నమ్మకం లేకుండా చేసింది నేను. నాలో ధైర్యం పుట్టిందని చెప్పను. భయమే, కానీ ఈసారి భయం ఆమె గురించి.

"రజితా, నువ్వు నొక్కలే" అన్నాను. "నేనే నొక్కిన. బయటికి తీస్కపోయి, అంతా విని, నేనే నొక్కిన."

తర్వాత అదే మాట హంసాబెన్‌కు హిందీలో చెప్పాను. ఈసారి ఏమీ మార్చలేదు.

పాప పలకలోంచి తలెత్తింది. "అంటే మమ్మీ జూట్ చెప్పలేదా?" అంది.

రజిత నన్ను అడిగింది. "ఆ దినం డాక్టరమ్మ నన్నేమడిగింది?"

చెప్పాను.

"నువ్వేం చెప్పినవ్?"

అదీ చెప్పాను. రజిత హంసాబెన్ వైపు తిరిగి, ఆ వాక్యం తీసేయమంది. పాతది తీసేయడానికి లేదని, కింద కొత్తగా రాయవచ్చని హంసాబెన్ చెప్పింది. అయితే రాయమంది. రాసిందాన్ని చదవమంది. ఇంకొకసారి చదవమంది. తర్వాత తన నంబరు ఒక్కొక్క అంకె చెప్పింది.

ఆ వారమే మా అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. ఇప్పుడెందుకురా ఇవన్నీ అంది. రజిత వాళ్లమ్మకు చెబితే ఫోన్ పెట్టేసింది. కార్ఖానాలో భార్యలు కడుపుతో ఉన్న ఇద్దరికి చెప్పాను. ఒకడు నవ్వాడు. ఇంకొకడు నవ్వలేదు.

సిగ్గుగా ఉన్నా ఒక మాట చెప్పాలి. నాకు హాయిగా ఉంది. అన్నం రుచి తెలుస్తోంది. పాప అద్దాలు నేనే తుడిచి పెడుతున్నాను. ఇంత తేలికపడే హక్కు నాకుందా? లేదనుకుంటాను. అయినా ఛాతీ మీది రాయి దిగిన మాట నిజం, ఎవరి అనుమతీ అడక్కుండా దిగింది.

రజిత అవసరమైనంతే మాట్లాడుతుంది. మొన్న ఉండబట్టలేక, ఏమన్నా అనరాదా, తిట్టరాదా అన్నాను. ఆమె చీరల మూట విప్పుతోంది. చెయ్యి ఆపలేదు.

"ఏమనాలె? ఏడేండ్లు నాకు మతి తప్పిందనుకున్న. తప్పలేదని తెలిసింది. నాకు గదే సాలు. నీ సంగతి నువ్వు చూస్కో."

చూసుకుంటున్నాను. అందుకే ఇది రాశాను.